ఫెర్రో రాడ్ నుంచి నిప్పురవ్వలు రావట్లేదు, ఏం చేయాలి?

ఉప్పల్ కుర్రాడు:
అందరికీ నమస్తే. వచ్చే నెల అనంతగిరి వైపు ఒక రాత్రి క్యాంపింగ్ అనుకుంటున్నాం, ఫెర్రో రాడ్ (గీకితే నిప్పురవ్వలు రాలే లోహపు కడ్డీ), టార్పాలిన్, చిన్న కత్తి కొన్నాను. రాడ్ ఎంత గీకినా నల్లపొడి రాలుతోంది తప్ప రవ్వలు రావట్లేదు. పాడైందంటారా? ఇవన్నీ సిటీలో ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి?

కొండలరాయుడు:
పాడవలేదు తమ్ముడూ. కొత్త రాడ్ మీద నల్ల పూత ఉంటుంది, అది పోయి లోపలి మెరుపు కనపడేదాకా ఒకే చోట గట్టిగా గీకు. పదునుతో కాదు, కత్తి వెనక అంచుతో. రవ్వలు వచ్చాక కత్తిని కదపకుండా పట్టుకుని రాడ్‌నే వెనక్కి లాగాలి, లేదంటే చెయ్యి తగిలి, నిప్పు అంటుకోడానికి కింద పెట్టిన పీచంతా చెదిరిపోతుంది. కొబ్బరి పీచు వేళ్లతో బాగా నలిపి పిచ్చుక గూడులా చేస్తే తొందరగా అంటుకుంటుంది. వానాకాలం కదా, వాజలిన్ రాసిన దూది ఉండలు కూడా డబ్బాలో పెట్టుకో.

అల్వాల్ అక్క:
టార్పాలిన్ డాబా మీదే, వాన పడే రోజే కట్టి చూడు. మొదటిసారి నాకు తాడు వెంబడి నీళ్లు కారి దుప్పటి మొత్తం తడిసింది, తెల్లారేదాకా వణికాను. ఇప్పుడు టార్పాలిన్‌కి బయట, తాడుకి దారం ముక్క వేలాడదీస్తాను, నీళ్లు అక్కడే కిందికి కారిపోతాయి.

కొండలరాయుడు:
ఇంకోటి, రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. మంట వేయాలంటే అనుమతి ఉన్న క్యాంప్‌సైట్‌లోనే.

ఉప్పల్ కుర్రాడు:
గీకాను అన్నా, రవ్వలు వచ్చాయి! థాంక్స్ అక్కా, ఈసారి వాన పడగానే డాబా ఎక్కుతా.