పట్టుదల ఉన్న పాత్రకు డైలాగ్ ఎలా రాయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)
పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాస్తున్నా. ఎస్సై ఉద్యోగం కోసం తెల్లారుజామున పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) గ్రౌండ్‌లో పరుగెత్తే అమ్మాయి కథ. ఇంట్లో సంబంధాలు చూస్తుంటారు. నాన్నతో ఆమె "నేను ఎస్సై అయి తీరతా, ఊరంతా నాకు సెల్యూట్ కొట్టే రోజు వస్తుంది" అంటుంది. రాసేటప్పుడు నాకే ఒళ్లు పులకరించింది, కానీ నటించే అమ్మాయికి చదివి వినిపిస్తే "అన్నా, మా ఇంట్లో నేనెప్పుడూ ఇట్లా మాట్లాడలేదే" అంది. అప్పటినుంచి ఎన్నిసార్లు తిరగరాసినా ప్రసంగంలాగే వస్తాంది. ఏం చేయాలి?

జవాబు (కడప నుంచి)
ముందు ఆ "తీరతా" తీసేయండి. మన దగ్గర "చేస్తా" వేరు, "చేస్తాండా" వేరు కదా, రెండోది అన్నారంటే పని అప్పటికే మొదలైపోయిందని. ఆ అమ్మాయి ధ్యాసంతా ఎస్సై సెలక్షన్‌కు పరుగెత్తాల్సిన 1600 మీటర్ల టైమింగ్ మీదే ఉంటుంది. ఆదివారం పెళ్లిచూపులకు వస్తారని నాన్న అంటే, షూ లేసు కట్టుకుంటూ "ఎన్ని గంటలకు నాన్నా? నాకు ఎనిమిది దాకా రన్నింగ్ ఉంది" అననివ్వండి. ఎదురు చెప్పలేదు, కానీ ఆగదని ఆయనకు అర్థమైపోతుంది. ఆయన్ను మాత్రం విలన్ చేయొద్దు. శెనక్కాయ పంట దెబ్బతిన్న ఏడు ఏ తండ్రికైనా కూతురి పెళ్లి ఎట్లా అన్న భయం ఉంటుంది.

జవాబు (కర్నూలు నుంచి)
నేను సగమే ఒప్పుకుంటా. పెద్ద డైలాగ్ తప్పు కాదు. మా వైపు పల్లెల్లో కురుక్షేత్రం నాటకం వేస్తే "జెండాపై కపిరాజు" పద్యానికి ఇప్పటికీ వన్స్ మోర్ పడుతుంది. తిరుపతి వెంకట కవులు అందులో కృష్ణుడితో "మేం గెలుస్తాం" అనిపించనే లేదు. జెండా మీద కోతి, ముందు తెల్ల గుర్రాలు, తాను తోలే రథం, దాని మీద అర్జునుడు సారించే వింటినారి, అన్నీ కళ్లకు కట్టించి, అప్పుడు నీ మొర ఆలకించేవాడు ఒక్కడూ ఉండడని దుర్యోధనుడికి చెప్పించారు. మీ సెల్యూట్ మాటలో అట్లాంటి బొమ్మ లేదు, అందుకే తేలిపోయింది. పెద్ద మాట ఒక్కసారే పడనివ్వండి, అదీ ఆమె ఓడిపోయిన రోజున.

అడిగిన వ్యక్తి
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని మార్చా. నాన్న "ఇంకెన్ని దినాలు ఉరుకుతావమ్మా?" అంటాడు. ఆమె చేతి గడియారం చూపిస్తూ "నిన్నటికన్నా ఆరు సెకన్లు తగ్గింది నాన్నా" అంటుంది, అంతే. ఆ అమ్మాయికి ఫోన్‌లో వినిపిస్తే "ఇది నేను అంటానన్నా" అంది. పెద్ద మాట ఇంకా రాయలేదు, ఆమె ట్రాక్ మీద పడిపోయే సీన్ దగ్గర చోటు వదిలిపెట్టినా.