క్రోమ్ చక్రాల పొర లేస్తోంది: బాగు చేయించాలా, మార్చేయాలా? (చెన్నై)

ఈసీఆర్_క్రెటా
క్రెటాకి బయట వేయించిన 17 అంగుళాల క్రోమ్ వీల్స్ ఉన్నాయి. ఉండేది తిరువాన్మియూర్, బీచ్ పక్కనే. రెండింటికి అంచున క్రోమ్ బొబ్బలెక్కి ఊడుతోంది. ఒకదానికి పంక్చర్ లేకున్నా వారానికి 5 పీఎస్ఐ దిగుతోంది. పెయింటర్ "పైనే సిల్వర్ కొట్టేస్తా సార్" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

రిమ్ము_రామం
వద్దండీ. క్రోమ్ గాజులా నున్నగా ఉంటుంది, రంగు దాన్ని పట్టుకోదు. పెచ్చులూడుతుంది.

మెరిసే క్రోమ్ మందం మైక్రాన్‌లో సగం కూడా ఉండదు, అసలు కాపలా కింది నికెల్‌ది. రాయి తగిలి దానికి చిల్లు పడితే ఉప్పు తేమ అల్యూమినియందాకా పోయి, తెల్లపొడి పుట్టి, పొరను కిందనుంచి ఎత్తేస్తుంది. గాలి దిగేదీ బహుశా అందుకే: టైరు ఆనే బీడ్ సీట్ గరుకైపోయి ఉంటుంది. రిమ్ అంచు చుట్టూ, వాల్వ్ మొదట్లో సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి.

బాగు చేయించాలంటే టైరు, వాల్వ్ తీయించి, క్రోమ్, నికెల్ రెండూ ప్లేటింగ్ షాపులో రసాయనంతో దింపించాలి. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు అడగండి. ఆపై పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత. పౌడర్ చల్లేముందు ఉత్త చక్రాన్ని ఒకసారి ఓవెన్‌లో కాల్చమనండి. లేదంటే పోత లోహం (కాస్టింగ్)లోని సన్న రంధ్రాల్లోంచి గాలి తన్ని పొర మీద సూదిబెజ్జాలు పడతాయి. మామూలు పౌడర్‌కి 180–200 డిగ్రీలు, 15–20 నిమిషాలు. వేడి అంతకు మించితే అలాయ్ మెత్తబడుతుంది. హబ్‌కి (కారుకి చక్రం బిగించే మధ్యభాగం) ఆనే ముఖం, నట్లు కూర్చునే సీట్ల మీద పౌడర్ పడకూడదు, పడితే నట్లు వదులవుతాయి.

ఈసీఆర్_క్రెటా
మళ్లీ క్రోమే వేయిస్తే?

రిమ్ము_రామం
సముద్రం పక్కనా? డబ్బు దండగ. గుంటలు ఎక్కువ ఉంటే నింపి, రుద్ది, పాలిష్ చేసే కూలీకే కొత్త చక్రం ఖర్చు దగ్గరకు వస్తుంది. స్పోక్ మీద చీలిక ఉంటే మాత్రం వెల్డింగ్ జోలికి పోకండి, ఆ చక్రం పారేయడమే.

పుదుపేట_సెకండ్స్
మార్చేట్టయితే క్రెటాకి పీసీడీ (నట్ల రంధ్రాల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం మి.మీ.లో) 5×114.3, సెంటర్ బోర్ (చక్రం నడిమి రంధ్రం) 67.1 మి.మీ. బోర్ పెద్దదైతే ఆ సందు నింపే హబ్ రింగ్ తప్పనిసరి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ (చక్రం నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత పక్కకుందో) కంపెనీ చక్రానికి దగ్గర్లో ఉండాలి. పుదుపేట పాత విడిభాగాల బజారులో కొంటే బ్యాలెన్సర్ మీద తిప్పించి లోపలి అంచు వంకర చూశాకే డబ్బివ్వండి, బయటి మెరుపుకి పడిపోవద్దు. నట్ల కోన్ (ఏటవాలు అంచు) చక్రం సీటుకి సరిపోవాలి. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) చేతి టార్క్ రెంచ్‌తో బిగించి, 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడాలి. ఇంపాక్ట్ గన్‌తో వదిలేస్తే ఊరుకోవద్దు.

మిగిలిన రెండింటికీ యాసిడ్ క్లీనర్ వాడనివ్వకండి. వారానికోసారి మంచినీళ్లు, షాంపూ చాలు. లోపలి బ్యారెల్ (చక్రం లోపలి గొట్టంలాంటి భాగం) కూడా కడగాలి, ఉప్పు దాక్కునేది అక్కడే.