దద్దుర్లకు చర్మ పరీక్ష చేయిస్తే ఏదీ తేలలేదు, ఇప్పుడేం చేయాలి?

రాయగడ వాసి:
మా అమ్మగారికి రెండు నెలలకు పైగా దద్దుర్లు లేస్తూ, తగ్గుతూ ఉన్నాయి. విశాఖపట్నం తీసుకెళ్లి, ముంజేతి మీద చుక్కలు వేసి గుచ్చే అలెర్జీ పరీక్ష చేయించాము. ఒక్క చుక్క దగ్గర కూడా చర్మం పొంగలేదు. దేనికీ అలెర్జీ లేదని రాసిచ్చారు. రైలు రాయగడ చేరేలోపే వీపంతా దద్దుర్లు. ఇంకే పరీక్ష చేయించాలో దయచేసి చెప్పండి.

పర్లాకిమిడి పెద్దాయన:
పరీక్షల సంగతి తర్వాత, ముందు వంటగది చూసుకోండి. వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానిపించకుండా ఎన్ని సూదులు గుచ్చినా ప్రయోజనం ఉండదు. ఎండుచేప లేనిదే మనవాళ్లకు ముద్ద దిగదు కనుక ఈ మాట ఎవరూ వినరు.

బరంపురం సభ్యుడు:
హిస్టమిన్ (చర్మాన్ని పొంగించే రసాయనం) చుక్క కూడా పొంగలేదా? దురద మాత్ర ఎప్పుడు ఆపారు?

రాయగడ వాసి:
ఏదీ పొంగలేదని పైనే రాశాను. మాత్ర ఆపమని ఎవరూ చెప్పలేదు. లీవోసెట్రిజిన్ రోజూ రాత్రి వేసుకుంటారు, అది దురదకే కదా.

బరంపురం సభ్యుడు:
అయితే ఆ పరీక్ష చెల్లదు.

జయపురం ల్యాబ్ ఉద్యోగిని:
పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికే హిస్టమిన్ చుక్క వేస్తారు. 15-20 నిమిషాల్లో అది పొంగాలి. లీవోసెట్రిజిన్ ఆ పొంగునే అణిచేస్తుంది కాబట్టి సాధారణంగా వారం ముందు నుంచి ఆపమంటారు. అయితే 6 వారాలు దాటిన దద్దుర్లలో, ఫలానాది తిన్న కాసేపటికే వస్తున్నాయన్న ఆనవాలు లేకపోతే, ఈ పరీక్ష మళ్లీ చేయించినా పెద్దగా తేలేది ఉండదు. చాలామందిలో కారణం బయటి పదార్థం కాదు, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే. అందుకే రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉంటే తెలిపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, అలెర్జీతో ముడిపడిన యాంటీబాడీ అయిన ఐజీఈ మొత్తం, థైరాయిడ్‌పై దాడి చేసే యాంటీబాడీలు చూస్తారు. ఒకే దద్దురు 24 గంటలకు మించి అక్కడే ఉండి, కమిలిన మచ్చ మిగులుస్తోందా? నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?

పర్లాకిమిడి పెద్దాయన:
మా మేనల్లుడికి వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచారు. అసలైన అలెర్జీ పరీక్ష అదే.

జయపురం ల్యాబ్ ఉద్యోగిని:
అది ప్యాచ్ పరీక్షండి. నికెల్ నగలు, జుట్టు రంగు వంటివి తగిలి వచ్చే ఎగ్జిమాకు (చర్మం ఎర్రబడి, పొట్టు రేగే దురదకు) చేస్తారు, దద్దుర్లకు కాదు.

పర్లాకిమిడి పెద్దాయన:
ఒంటి మీద ఎర్రగా లేచేవన్నీ దద్దుర్లే.

రాయగడ వాసి:
మరి వారం రోజులు మాత్ర ఆపి చూడమంటారా?

బరంపురం సభ్యుడు:
సొంతంగా ఆపకండి. అవసరమైతే చర్మవైద్యులే మోతాదును నాలుగు రెట్ల దాకా పెంచుతారు. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాయగడ వాసి:
ధన్యవాదాలు. మోకాళ్ల నొప్పికి ఏవో వేసుకుంటారు, పేరు కనుక్కోవాలి.