అందరికీ టీకా వేయకుండా మశూచి ఎలా ఆగింది? ఫేగీ పద్ధతి

ప్రశ్న: విద్యార్థులకు మశూచి నిర్మూలనలో పనిచేసిన అమెరికా వైద్యుడు విలియం ఫేగీ గురించి చెప్పాలి. 1966లో నైజీరియాలో 80 శాతం మందికి టీకా వేస్తేనే మశూచి ఆగుతుందన్న లెక్కను ఎందుకు పక్కన పెట్టారండి?

జవాబు 1: టీకామందు చాలక. మిషనరీల రేడియోల ద్వారా కేసులున్న ఊళ్లు కనుక్కుని, పటంలో గుర్తించి, ముందు అక్కడ, తర్వాత ఆ జనం వెళ్లే సంతల దగ్గర టీకా వేశారు. సోకాక రోగం బయటపడటానికి సుమారు 12 రోజులు. మొదటి 3 రోజుల్లో టీకా పడితే చాలావరకు రోగం రాదు. ఆ వ్యవధే ఈ పద్ధతికి ప్రాణం.

జవాబు 2: 1973 నుంచి మన దేశంలో ఇంటింటి గాలింపునూ చెప్పండి. దాచిన ఒక్క కేసు చాలు, రోగుల చుట్టూ వేసిన టీకాల వలయం తెగుతుంది. ఆటలమ్మ అనుకుని వదిలేయడం మరో ప్రమాదం. మశూచి పొక్కులు ఒకచోట అన్నీ ఒకే దశలో ఉంటాయి, ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ, అరచేతుల్లోనూ వస్తాయి. ఆటలమ్మ ఎక్కువగా మొండెం మీద, వేర్వేరు దశల్లో. బీహార్‌లో గాలింపు బృందాలు రోగి బొమ్మ కార్డు చూపించి అడిగేవి. 1975 మేలో దేశంలో చివరి కేసు.

జవాబు 3: టీకా వేసే తీరూ చెప్పండి: రెండు కొనల సూదితో చర్మంపై 15 పోట్లు. కాస్త రక్తం కనిపించకపోతే లోతు చాలనట్టే. ఫేగీ తర్వాత 1977 నుంచి 1983 దాకా అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి డైరెక్టర్.