మా చీరల సైటు గూగుల్‌లో ఎన్నో నంబరో షీట్‌లో దానంతటదే పడేలా చెయ్యొచ్చా?

పట్టుకొట్టు_బరంపురం:
అందరికీ నమస్తే. మాది ఒడిశా బరంపురం, మావయ్య గారి పట్టుచీరల కొట్టుకి నేనే ఒక చిన్న సైటు కట్టాను. ఇక అప్పట్నుంచి పొద్దున్న షట్టరు ఎత్తగానే ఆయన అడిగే మొదటి మాట "ఒరే, గూగుల్లో ఎన్నో నంబరు?" ఫోన్‌లో ఓ పదిహేను మాటలు ఒక్కొక్కటీ కొట్టి, వేలితో లెక్కపెట్టుకుంటూ కిందకి పోయి, గూగుల్ షీట్‌లో రాసేసరికి అరగంట. వెబ్ పేజీలోది షీట్‌లోకి లాగే ఇంపోర్ట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్ములాలో గూగుల్ సెర్చ్ లింకు పెట్టి చూశాను, అన్నీ ఎర్రర్లే. ఇంకోటి, నా ఫోన్‌లో ఒకటో నంబరు చూపిస్తోంది, ఇచ్ఛాపురంలో మా చెల్లి ఫోన్‌లో ఏడు. ఏది నిజం?

పర్లాకిమిడి_షీట్లు:
రెండూ నిజమే బావూ, నీ సైటు నువ్వే రోజూ తెరుస్తావు కదా, నీ ఫోన్‌కి అలవాటైపోయింది. ఊరు మారినా, భాష మారినా నంబరు మారుతుంది.

ఆ ఫార్ములా దారి వదిలెయ్, అది వెళ్లేది మీ ఇంటి నెట్ నుంచి కాదు గూగుల్ సర్వర్ల నుంచే, మనిషి కాదని ఇట్టే తెలిసిపోతుంది, పైగా సెర్చ్ పేజీని అలా మెషీన్‌తో లాగడం వాళ్ల షరతులు ఒప్పుకోవు. సైటు ఉన్నవాళ్ల కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నీ సైటు పెట్టావా? లేకపోతే ఇవాళే పెట్టు. ఏ మాటకి ఎన్నిసార్లు కనబడ్డావు, ఎంతమంది నొక్కారు, సగటు పొజిషన్ ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. కాకపోతే 16 నెలలు దాటిన లెక్క ఉండదు, అందుకే షీట్‌లోకి దింపుకోవాలి. సెర్చ్ అనలిటిక్స్ ఫర్ షీట్స్ అని ఒక యాడాన్ (షీట్‌కి తగిలించుకునే చిన్న యాప్) ఉంది, కోడు రాకపోతే అదే. వస్తే యాప్స్ స్క్రిప్ట్‌లో (షీట్‌లోనే కోడు రాసుకునే చోటు) సెర్చ్ కన్సోల్ ఏపీఐని, అంటే కోడుతో డేటా అడిగే దారిని పిలిచి, రోజూ ఒక టైముకి దానంతటదే నడిచేలా టైమ్ ట్రిగ్గర్ పెట్టి పడుకో, తెల్లారేసరికి కొత్త వరసలు పడుంటాయి. నిన్నటి తేదీ మాత్రం అడక్కు, ఖరారైన డేటా రెండు మూడు రోజులు వెనకుంటుంది, నేను మూడ్రోజుల కిందటిదే అడుగుతాను. చేత్తో డౌన్‌లోడ్ చేస్తే 1,000 వరసలే, ఏపీఐ ఒక్కసారికి 25,000 దాకా ఇస్తుంది. మీకు అన్ని ఎలాగూ రావులే 😀

లెక్కలమాస్టారు_గుణుపురం:
పైన చెప్పింది బాగుంది. నేను దెబ్బతిన్న చోటు ఒకటుంది, చెప్తాను. నెల సగటు కావాలని రోజువారీ పొజిషన్లన్నీ కలిపి యావరేజ్ కొట్టకండి. ఒకరోజు ఒక్కసారి కనబడి 2లో ఉన్నారు, మర్నాడు 99 సార్లు కనబడి 20లో ఉన్నారు అనుకోండి, మామూలు సగటు 11 వస్తుంది, ఆహా అనుకుంటాం, అసలు లెక్క 19.82. ఏ రోజు పొజిషన్‌ని ఆ రోజు ఇంప్రెషన్లతో (కనబడ్డ సార్లతో) హెచ్చించి, అన్నీ కలిపి, మొత్తం ఇంప్రెషన్లతో భాగించాలి, సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా ఉందిగా. మాకు సైటు పని చేసిపెట్టిన ఒకాయన ఏడాదిపాటు ఆ 11 లాంటి నంబర్లే చూపించి డబ్బు పట్టుకెళ్లాడు, తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ.

జయపురం_కాఫీ:
ఏ మాటలు చూస్తున్నావు తమ్ముడూ? ఇంగ్లీషులో బెర్హంపూర్ సిల్క్ అని కొడితే బెంగాల్ బరంపురం కూడా దూరుతుంది, అదీ ముర్షిదాబాద్ పట్టు ఊరే. ఆ మాటకి నీ నంబరు చూసి ఏడవక్కర్లేదు, వాళ్లలో సగంమంది నీ బేరగాళ్లే కారు. షీట్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మాటలకి వేరే వేరే ట్యాబులు పెట్టుకో, బ్రహ్మపూర్ అని రాసేవాళ్లూ ఉంటారు మరి. అరుదైన మాటల్ని కన్సోల్ దాచేస్తుంది, మొత్తం టాలీ అవలేదని కంగారుపడకు.

పట్టుకొట్టు_బరంపురం:
ఓరి నాయనో, ఆ బెంగాల్ సంగతి నాకు తట్టనేలేదు! సైటు కన్సోల్‌లో ఎప్పుడో పెట్టేశాను, తెరిచి చూడలేదంతే. ఇప్పుడు యాడాన్‌తో దింపి చూస్తే తెలుగులో "బరంపురం పట్టు" కి 4.3, ఇంగ్లీషు మాటకి 38. మావయ్య గారికి పాయింట్ మూడు అంటే ఏటో చెప్పడానికే పావుగంట పట్టింది, ఆయనకి నాలుగో ఐదో ఏదో ఒకటి తేల్చాలట.

స్క్రిప్టు ఆదివారం పెడతాను, ఇరుక్కుంటే మళ్లీ ఇక్కడికే వస్తా.