అప్‌డేట్: డిష్‌వాషర్‌లో నీళ్లు వేడెక్కకపోవడానికి కారణం దొరికింది

అనంతపురంలో మా ఇంటి డిష్‌వాషర్ నీళ్లు వేడి చేయడానికి మరీ ఎక్కువసేపు తీసుకుంటోందని ఇక్కడ అడిగాను. హీటర్ మార్చమని చాలామంది అన్నారు. మార్చే పని పడలేదు, హీటర్ బాగానే ఉంది.

మీటర్ పెట్టి వోల్టేజ్ చూడమన్న అన్నకు చాలా థ్యాంక్స్. మెషీన్ ఆపి చూస్తే ప్లగ్ దగ్గర 225 ఉంది. హీటర్ ఆన్ కాగానే 180కి పడిపోతోంది. వోల్టేజ్ అంత తగ్గితే 2000 వాట్ల హీటర్ 1200 వాట్ల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ లూజుగా ఉంది, వైరు తొడుగు కాలి నల్లబడింది. చూసి భయమేసింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపుంటే మంటలే వచ్చేవేమో! కొత్త 16 ఆంప్స్ సాకెట్ పెట్టించి, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ లాగించాం. ఇప్పుడు 220 కంటే కిందికి రావడం లేదు, గిన్నెలు వేడివేడిగా బయటికొస్తున్నాయి.

మాది బోరు నీళ్లు కాబట్టి, నీటి కాఠిన్యం తగ్గించే సాల్ట్ సెట్టింగ్ కూడా మెషీన్‌లో పెంచాను. గ్లాసుల మీద తెల్లమరకలు తగ్గాయి.

మీ మెషీన్‌కూ ఇదే సమస్య ఉంటే ముందు ప్లగ్ పట్టుకుని చూడండి. వేడిగా ఉంటే వెంటనే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.