చర్చ: ఐ-పిల్‌కి డాక్టర్ చీటీ తప్పనిసరి చేయాలా?

సాగర్_ఖమ్మం:
జాగ్రత్త లేకుండా కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర గురించి అడుగుతున్నా. ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటి పేర్లతో మందుల షాపుల్లో దొరుకుతుంది. మన దేశంలో 2005 నుంచి దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. నేనైతే చీటీ పెట్టాల్సిందే అంటాను. నా చుట్టూ చూస్తున్నా, కండోమ్ మానేసి "పొద్దున టాబ్లెట్ వేసుకుంటుందిలే" అనే మగవాళ్లు ఎక్కువైపోయారు. మింగేది అమ్మాయి, కడుపులో తిప్పేది ఆమెకి, డేట్ అటూ ఇటూ అయితే టెన్షన్ కూడా ఆమెకే. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే కనీసం ఒక్కసారి ఆగి ఆలోచిస్తారు కదా. 18 నిండినవాళ్ల గురించే అంటున్నా. అంతకంటే చిన్నవాళ్లదైతే పోక్సో చట్టం ఉంది, అది వేరే చర్చ.

స్వాతి_అమీర్‌పేట:
సాగర్ గారూ, మీ కోపం మగవాళ్ల మీద, శిక్ష మాత్రం అమ్మాయిలకి. శనివారం రాత్రి కండోమ్ చిరిగిందనుకోండి. ఆదివారం చాలా క్లినిక్కులు మూసి ఉంటాయి. సోమవారం సెలవు పెట్టి వెళ్తే రిసెప్షన్‌లో అందరూ వింటుండగా పేరు, వయసు, ఎందుకొచ్చారు, ఆ తర్వాత "పెళ్లయిందా?", "మీవారు రాలేదా?". అది భరించలేక వెనక్కి వచ్చేసే అమ్మాయిలున్నారు, మా హాస్టల్లోనే చూశాను. డబ్బా మీద 72 గంటల్లోపు వేసుకోవాలని ఉంటుంది గానీ ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, అంటే మీరు ఆలోచించుకోవడానికి ఇస్తానంటున్న టైమ్ మందు బలంలోంచే తీస్తున్నారు. చెన్నైలో చదువుకున్న మనవాళ్లని అడగండి, తమిళనాడులో నిషేధమేమీ లేకపోయినా చాలా షాపులు ఈ మాత్ర పెట్టవు. దానివల్ల అక్కడివాళ్లు జాగ్రత్తపరులు అయిపోలేదు, షాపు షాపూ తిరుగుతున్నారు, అంతే.

మెడికల్‌షాప్_హన్మకొండ:
నేను షాపు నడుపుతాను, కాబట్టి కౌంటర్ ఇటువైపు నుంచి చెప్తా. కొనడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అబ్బాయిలే. పక్కన ఎవరూ లేని టైమ్ చూసి వస్తారు, మెల్లగా పేరు చెప్తారు, కాగితంలో చుట్టి ఇస్తే డబ్బులు పెట్టి వెళ్లిపోతారు. ఎప్పుడు కలిశారు, ఆమె వేరే మందులేమైనా వాడుతోందా, అడిగే వీలే ఉండదు. ఇంకో సమస్య, నెల తప్పాక వచ్చి ఐ-పిల్ అడిగేవాళ్లు. గర్భం నిలిచాక అది పనిచేయదు అంటే "అయితే ఆ ఇంకో కిట్టు ఇవ్వండి" అంటారు. గర్భం పోవడానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రల కిట్టు చీటీ లేకుండా ఇవ్వకూడదు, నేను ఇవ్వను, ఇచ్చే షాపులూ ఉన్నాయి. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండి ఆ కిట్టు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ గందరగోళం చూస్తుంటే సాగర్ గారి మాటలో కొంత న్యాయం ఉందనిపిస్తుంది.

పీహెచ్‌సీ_సిస్టర్:
గందరగోళం ఉంది, ఒప్పుకుంటాను. కానీ చీటీతో అది పోదు, ఎందుకంటే మాత్ర ఏం చేస్తుందో వేసుకునేవాళ్లకి చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు సంగతి. ఈ మాత్ర అండం విడుదలని వెనక్కి జరుపుతుంది. వీర్యకణాలు ఒంట్లో 5 రోజుల దాకా బతికి ఉండగలవు, ఆ లోపల అండం బయటికి రాకపోతే గర్భం రాదు. అండం అప్పటికే విడుదలైపోయి ఉంటే మాత్ర పెద్దగా చేయగలిగేది లేదు. నిలిచిన గర్భాన్ని ఇది తీసేయదు, దానికి హాని కూడా చేయదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడేది: మాత్ర వేసుకున్నాం కదా ఈ నెలంతా భయం లేదు అనుకుంటారు. నిజానికి అండం విడుదల వాయిదా పడిందంతే, తర్వాత అదే నెలలో జాగ్రత్త లేకుండా కలిస్తే గర్భం రావచ్చు. అలా వచ్చినవాళ్లు మా దగ్గరికి వచ్చి "మాత్ర నకిలీదేమో" అంటుంటారు.

సాగర్_ఖమ్మం:
సిస్టర్, మరి మళ్లీ మళ్లీ వేసుకుంటే గర్భసంచి పాడవుతుంది, తర్వాత పిల్లలు పుట్టరు అంటారు కదా? దానికోసమైనా అదుపు ఉండాలి కదా?

పీహెచ్‌సీ_సిస్టర్:
పిల్లలు పుట్టరు అన్నది అబద్ధం. ఈ భయంతోనే అవసరమైన రోజున కూడా వేసుకోకుండా ఉండిపోయి, నెల తప్పాక ఏడ్చుకుంటూ వస్తారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. పదేపదే వాడితే పీరియడ్స్ గాడి తప్పుతాయి, మధ్యలో రక్తం కనిపిస్తుంది, పైగా రోజూ వేసుకునే మాత్రలంత నమ్మకంగా ఇది గర్భాన్ని ఆపదు. తరచూ అవసరం పడుతోందంటే ఆమెకి వేరే పద్ధతి కావాలని అర్థం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాలా-ఎన్, ఛాయ మాత్రలు, మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ ఉచితం. కాపర్-టి అయితే కలిసిన 5 రోజుల్లోపు వేయించుకుంటే ఈ మాత్ర కంటే బాగా కాపాడుతుంది, ఆ తర్వాత ఏళ్లపాటు పనిచేస్తుంది. ఈ సంగతి చదువుకున్న అమ్మాయిలకి కూడా తెలియదు.

లక్ష్మి_కాకినాడ:
నాకు కాలేజీ చదివే కూతురుంది. ఇవన్నీ ఇంత బాహాటంగా చెప్తే పెళ్లికి ముందే తప్పేం లేదని మనమే నేర్పినట్టు అవుతుంది. చీటీ అంటే కొంచెమైనా భయం ఉంటుంది. ఆ భయం మంచిదే.

స్వాతి_అమీర్‌పేట:
లక్ష్మి గారూ, మీ అమ్మాయి మీద మీకున్న బెంగ నాకు అర్థమవుతుంది, మా అమ్మా ఇలాగే అంటుంది. కానీ ఆ భయం పని జరిగాకే మొదలవుతుంది, అప్పుడు అది అమ్మాయిని అమ్మకి చెప్పనివ్వదు, డాక్టర్ దగ్గరికీ పోనివ్వదు. పైగా ఈ మాత్ర పెళ్లికాని వాళ్లదే అన్నట్టు మాట్లాడుతున్నాం. ఏడాది తిరగని బిడ్డ చంకలో ఉండగా మొగుడు కండోమ్ వాడనంటే ఏం చేయాలో తెలియని ఆడవాళ్లు ఎంతమంది? వాళ్లు అత్తగారికి చెప్పి డాక్టర్ దగ్గరికి బయలుదేరాలా? చట్టం మనకంటే ముందుంది. 18 నిండిన ఆమె గర్భం తీయించుకోవాలంటే ఆమె ఒక్కతి సంతకం చాలు, భర్తదీ తండ్రిదీ అక్కర్లేదు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు పడొచ్చు. కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా గర్భం తీయించుకునే వెసులుబాటు పెళ్లికాని వాళ్లకీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గర్భం తీయించుకోవడానికే పెళ్లి సంగతి అడ్డు కానప్పుడు, గర్భం రాకుండా చూసుకునే మాత్రకి చీటీ ఏమిటి?

సాగర్_ఖమ్మం:
ఆదివారం సంగతి విన్నాక చీటీ గురించి అంత గట్టిగా పట్టుబట్టను. కానీ కాగితంలో చుట్టి, ఒక్క మాట కూడా చెప్పకుండా చేతిలో పెట్టేయడం మాత్రం నాకు ఇప్పటికీ ఒప్పుదల కాదు. మరి ఎవరు చెప్పాలి?

మెడికల్‌షాప్_హన్మకొండ:
మేమే చెప్పాలి. నోటితో చెప్పే వీలు లేకపోతే చిన్న తెలుగు కాగితం అచ్చు వేయించి డబ్బాతో పాటు పెట్టి ఇస్తాను. డబ్బాలో ఇంగ్లిష్ కాగితం ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. సిస్టర్, ఏం రాయాలో మీరు చెప్పండి.

పీహెచ్‌సీ_సిస్టర్:
ఇలా రాయండి. వెంటనే వేసుకోండి, ఆలస్యం చేయొద్దు. 2 గంటల్లోపు వాంతి అయితే ఇంకో మాత్ర వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కార్బమజెపైన్ లేదా ఫెనిటోయిన్ వాడుతుంటే ఇది సరిగా పనిచేయకపోవచ్చు, డాక్టర్‌ని గానీ ఏఎన్ఎంని గానీ అడగండి. ఈ నెలలో మళ్లీ కలిస్తే కండోమ్ వాడాల్సిందే, సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి ఈ మాత్ర కాపాడదు. డేట్ దాటి వారం అయినా పీరియడ్ రాకపోతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. కడుపులో ఒక పక్క బాగా నొప్పి వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అక్షరాలు పెద్దవిగా వేయించండి, కొనే అబ్బాయి కూడా చదివేలా.